పంజరం తరలింపుపై శ్వేతపత్రం

తరలింపుల గురించి కర్నూలు వాళ్ళకు ఎవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఊరు మాది, 1956 నవంబర్ 1న మాజీ అయిన ఊరూ మాదే. మూడేళ్ళ ఒక నెల. మా మేడమీద బాడుగకున్న వాళ్ళే అంతకంటే ఎక్కువ కాలం ఉన్నారు. ఆ వైభవానికి గుర్తుగా ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అన్న పేర్లు మిగిలాయి. క్యాంపు వేసినోళ్ళు హైదరాబాద్ పోయారు, మేం ఇంకా క్యాంపులోనే ఉన్నాం. కాబట్టి మా ఇంట్లో లవ్ బర్డ్స్ పంజరాన్ని వరండాలోంచి హాల్లోకి మార్చిన ఉదంతాన్ని ప్రజల ముందు పెట్టే అర్హత నాకుందనే అనుకుంటున్నాను.

పక్షులు రెండు. పసుపుది ఉగ్గాని, పచ్చది బజ్జీ. పేర్లు మావాడు పెట్టాడు, టిఫిన్ తింటూ. అంగట్లో లవ్ బర్డ్స్ అని అమ్ముతారు గానీ వీటి అసలు పేరు బడ్జెరిగర్, పుట్టినిల్లు ఆస్ట్రేలియా. అక్కడి ఎండు భూముల్లో నీళ్ళు, గింజలు ఎక్కడుంటే అక్కడికి గుంపులుగా ఎగిరిపోయే జాతి, మన ఆలూరు, కోసిగి వైపు వాళ్ళు సుగ్గికి, అంటే పనులు వెతుక్కుంటూ వలస పోయినట్టు. ఒక్కోటి తూస్తే 30, 40 గ్రాములుంటుంది. శుభ్రంగా రామచిలుకను పెంచుకోక ఇవెందుకని ఎదురింటాయన అడిగాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరమప్పా అన్నాను. మరి చిలక జోస్యమాయన దగ్గరుంది కదా అన్నాడు. ఆయనదీ నేరమే, కాకపోతే ఆ ముక్క ఆయన చీటీల్లో ఇంతవరకు రాలేదు.

సంక్షోభం మార్చిలో మొదలైంది. కూలర్ దింపాం. కూలర్‌కు వరండా కిటికీ కావాలి, ఆ కిటికీ పక్కనే కొక్కేనికి నాలుగేళ్ళుగా పంజరం వేలాడుతోంది. వెంటనే ఉన్నతస్థాయి కమిటీ కూర్చుంది. అమ్మ, నా భార్య, మావాడు, నేను సభ్యులం. మా నాయన శాశ్వత ఆహ్వానితుడు, మాట్లాడడు. అమ్మ దేవుని గూటి పక్కన పెట్టమంది, ఈశాన్యం కలిసొస్తుందని. అక్కడ రోజూ సాంబ్రాణి పొగ, పక్షి ఊపిరితిత్తులకు పొగ అస్సలు పడదు. నా భార్య వంటిల్లు అంది, గింజల పొట్టు ఒకేచోట ఊడ్చుకోవచ్చని. ఊడ్చే మనిషి లెక్కలో తప్పులేదు, కానీ నాన్‌స్టిక్ పెనం మరీ కాలిపోతే వచ్చే ఆవిరి మనకు తెలియను కూడా తెలియదు, పక్షి మాత్రం నిమిషాల్లో చచ్చిపోతుంది. మావాడేమో టీవీ పక్కన అన్నాడు.

మూడు ప్రాంతాలు, మూడు డిమాండ్లు. అయితే మూడు పంజరాలు పెడదాం, తినేది ఒకచోట, నిద్రపోయేది ఒకచోట, అరిచేది ఇంకోచోట అని కూడా ఒక దశలో ప్రతిపాదన వచ్చింది. ఇది మనకు కొత్త ఆలోచనేం కాదు. పాలన విశాఖలో, చట్టాలు అమరావతిలో, న్యాయం కర్నూలులో అని 2020లో విన్నాం. మా వీధిలో వెంటనే బాడుగలు పెంచారు. 2021లో ఆ చట్టాన్ని వెనక్కి తీసుకున్నారు గానీ బాడుగలు ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఇంతకీ ఇంత చర్చలో పక్షుల్ని ఎవరూ అడగలేదు. అడిగే సంప్రదాయం మనకు లేదు.

మొదటి తప్పు నాదే. ఒక ఆదివారం, రెండు నిమిషాల పని కదా అని, పంజరాన్ని ఎత్తుకొచ్చి హాలు నడిమధ్య స్టూలు మీద పెట్టేశాను. ఉగ్గాని, బజ్జీ రెండూ ఒక మూలకు చేరి, ఈకలు ఒంటికి అతుక్కుపోయేలా బిగబట్టి, పెన్సిల్లా సన్నగా అయిపోయాయి. కదలవు. పైన ఫ్యాన్ తిరుగుతోంది; వాటి లెక్కలో అది నెత్తిమీద చుట్లు కొడుతున్న గద్ద. నాలుగు వైపులా మనుషులు, వెనక గోడ లేదు, ఏ వైపు నుంచి ఏది వస్తుందో తెలియదు. పొద్దున ఐదున్నరకే పాలబండితో పోటీపడి అరిచే జీవులు సాయంత్రం దాకా ఒక్క కూత పెట్టలేదు. గిన్నెలో కొర్రలు పోసింది పోసినట్టే ఉన్నాయి. ఎంత ప్రశాంతంగా ఉందండీ ఇల్లు, అంది నా భార్య. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉందని పేపర్లో ప్రకటన వచ్చేది కూడా సరిగ్గా ఇలాంటప్పుడే.

అప్పుడు మాట్లాడాడు మా నాయన. "శ్రీశైలం డ్యామ్ కట్టేటప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి, ఆలంపూర్ తీసుకపోయి మళ్ళీ పేర్చినార్రా. ఏ రాయి ఏడుండాల్నో ఆడనే పెట్టినారు. మునిగిన ఊర్లోళ్ళకి కాగితాలిచ్చినారు. నువ్వు ఆ రాళ్ళనన్నా చూసి నేర్చుకో."

పంజరం మళ్ళీ వరండాకు పోయింది, ఈసారి స్టూలు మీదికి. కొత్త విధానం ప్రకటించాం: రోజుకు రెండడుగులు. వరండా నుంచి హాలు మూలకు 22 అడుగులు, అంటే పదకొండు రోజుల పాటు రాజధాని ప్రయాణంలో ఉంటుందన్నమాట. ఈ లోపల పంజరం లోపలిది ఏదీ మార్చకూడదు. అదే కర్ర, అదే గంట, అదే పక్క నీళ్ళ గిన్నె. ఇల్లు మారుతోంది కదా, పనిలో పనిగా కడిగి కొత్త సామాన్లు పెడదామని నా భార్యకు చేతులు దురద పెట్టాయి, ఆపాను. చోటు మారినప్పుడు లోపలున్న పాత గంటే వాటికి ఊరు.

అయిదో రోజుకు రాజధాని బాత్రూమ్ తలుపు ముందుకు చేరింది. పొద్దున ఏడు గంటలకు అందరూ పక్కకు ఒదిగి, నిశ్శబ్దంగా, అడ్డంగా తిరిగి లోపలికి పోవాల్సొచ్చింది. అనంతపురం నుంచి వచ్చిన మా బావ అర్ధరాత్రి స్టూలు తన్నుకుని, ఇదేం ఇల్లప్పా అన్నాడు. నిర్మాణ దశలో చిన్న చిన్న అసౌకర్యాలుంటాయి, సహకరించాలి అని చెప్పాను. ఈ వాక్యం ఇంత హాయిగా నోట్లోంచి వస్తుందని నాకప్పటిదాకా తెలియదు.

హాల్లో చివరి చోటు: రెండు గోడలు కలిసే మూల, ఫ్యాన్‌కు దూరంగా, కూలర్ గాలి నేరుగా తగలకుండా, నేను నిలబడితే కర్ర నా కంటికి సమానంగా. కింద పెడితే మనిషి మీద పడుతున్నట్టు భయపడతాయట. పంజరం వెనక సగానికి అమ్మ పాత నూలు చీర కప్పాం, కావాలంటే దాక్కోవడానికి. రాత్రి టీవీ ఏడున్నరకే బంద్, ఎందుకంటే వాటికి పది పన్నెండు గంటల చీకటి కావాలి. మావాడు దీన్ని కర్ఫ్యూ అన్నాడు. ఒక పూట తక్కువ తింటే అలక అనుకోవచ్చు, కానీ రోజంతా ముట్టకపోయినా, ఈకలు ఉబ్బించుకుని పంజరం అడుగున కూర్చున్నా కమిటీలు వేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి పోవాలి. జబ్బును చివరిదాకా దాచుకునే జాతి అది.

నా డ్యూటీ సాయంత్రం అరగంట పక్కన కూర్చుని పేపరు చదివి వినిపించడం. చేతిలో కొర్ర వెన్ను. పెద్ద ఊళ్ళ అంగళ్ళలో మిల్లెట్ స్ప్రే అని రంగు ప్యాకెట్లో అమ్మేది ఇదే, మన కొర్ర వెన్నే. మేలైన కొర్ర విత్తనాలు చేసేదీ మన నంద్యాలలోనే. మనదంటే పాత అలవాటు కొద్దీ అన్నాను; 2022 ఏప్రిల్‌లో నంద్యాల ఒక్క అడుగు కదలకుండానే వేరే జిల్లా అయిపోయింది. అక్కడుండే మా చిన్నాన్నను నీది ఏ జిల్లా అంటే ఇప్పటికీ రెండు సెకన్లు ఆలోచిస్తాడు.

పద్నాలుగో రోజు బజ్జీ కమ్మీల దాకా వచ్చి నా చేతిలో వెన్ను నుంచి ఒక గింజ లాగింది. లాగి, పొట్టు నా పేపరు మీదే ఉమ్మింది, సరిగ్గా అభివృద్ధి వార్త మీద. ఆ రాత్రి లైటు తీసేశాక చీర వెనక నుంచి కిర్రు కిర్రుమని సన్న చప్పుడు. నిద్రకు ముందు ముక్కు నూరుకుంటున్నాయి. నిశ్చింతగా ఉంటేనే ఆ చప్పుడు చేస్తాయి. నా భార్య కూడా లేచి వచ్చి చీకట్లో నిలబడి విన్నది.

వరండాలో కొక్కెం ఖాళీగా మిగిలింది. కూలర్ పైపుకు అడ్డమొస్తోంది, కోసేద్దామా నాయనా అని అడిగాను. ఆయన దానివంక ఒకసారి చూసి, "ఉండనీలే" అన్నాడు. సంచి తీసుకుని సి క్యాంపు రైతు బజారుకు పోయాడు.