తల్లి మీద కోపం పిల్లల ఫీజు మీదా?

నెల రోజులుగా కడపలో మా బంధువుల వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకే మెసేజ్ తిరుగుతోంది. "భార్య తనంతట తాను పుట్టింటికి వెళ్లిపోతే పిల్లలకు తండ్రి రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆమెకు ఉద్యోగముంటే అసలే అక్కర్లేదు. కోర్టుకెళ్లినా జీతంలో 25 శాతం దాటదు, జీతమే లేదంటే అదీ రాదు. పిల్లల్ని చూపించకపోతే ఆపేయొచ్చు. 18 నిండితే బాధ్యత తీరిపోయినట్టే." కింద ఎవరో లాయర్ చెప్పారని ఒక ముక్క, పేరు లేదు. ప్రొద్దుటూరులో ఉండే మా చిన్నమ్మ కూతురు ఇది చదివి, ఇద్దరు పిల్లల కోసం కేసు వేద్దామన్న ఆలోచనే మానుకుంది.

మొదటి మాటలో కాస్త నిజముంది, అందుకే జనం నమ్ముతున్నారు. సరైన కారణం లేకుండా భర్తతో ఉండనంటే భార్యకు మనోవర్తి (పోషణ ఖర్చు) రాదని చట్టంలోనే ఉంది. అది ఆమె వంతు వరకే. పాత సీఆర్‌పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) 125వ సెక్షన్‌లోనైనా, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 144లోనైనా బిడ్డ హక్కు వేరుగా రాసి ఉంది. పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకూ ఉంది. అమ్మ అలిగి వెళ్లిందని బిడ్డ స్కూలు ఫీజు ఎగ్గొట్టొచ్చని ఎక్కడా లేదు.

తల్లికి ఉద్యోగముంటే ఖర్చును ఇద్దరి సంపాదననుబట్టి పంచుతారు. తండ్రి వాటా ఎగిరిపోదు.

ఇక ఆ 25 శాతం. 2017లో సుప్రీంకోర్టు ఒక కేసులో, భర్త చేతికొచ్చే జీతంలో నాలుగో వంతు భార్యకు ఇవ్వడం సబబని అంది. దాన్నే పట్టుకుని పిల్లల ఖర్చుకు గీత గీసేశారు. నిజానికి ఒకప్పుడు ఈ సెక్షన్‌లో పరిమితి ఉండేది, నెలకు 500 రూపాయలు! 2001లో దాన్ని ఎత్తేశారు. ఇప్పుడు చూసేది పిల్లల ఫీజులు, మందులు, తిండి, తండ్రి స్తోమత, ఆయన మీద ఆధారపడ్డవాళ్లు.

"జీతం లేదు" అనే మాట మా ప్రొద్దుటూరులో బాగా వింటాం. బంగారు పని, వ్యాపారం, అంతా చేతి డబ్బు, పే స్లిప్ ఎక్కడిది? కానీ 2020 నవంబరులో రజ్నేష్, నేహా కేసులో సుప్రీంకోర్టు ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పులు, బ్యాంకు ఖాతాలు అఫిడవిట్‌లో చెప్పాల్సిందేనంది. ఆదాయం లేదన్న మనిషి బండి ఈఎంఐ ఎలా కడుతున్నాడో ఆ కాగితాల్లోనే బయటపడుతుంది. తప్పు చెబితే అదో కేసు. పైగా మనోవర్తి దరఖాస్తు వేసిన తేదీ నుంచి లెక్క. ఒంట్లో సత్తువ ఉన్నవాడు కూలి పని చేసైనా భార్యాపిల్లల్ని పోషించాలని 2022లో అదే కోర్టు చెప్పింది. కావాలని ఉద్యోగం మానేసి చేతులు దులుపుకోవడం కుదరదు.

పిల్లల్ని చూపించడం లేదంటే దానికి వేరే పిటిషన్ ఉంది, డబ్బు ఆపడం దానికి మందు కాదు. 18 విషయానికొస్తే, 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం పెళ్లి కాని కూతురు తన సంపాదనతో బతకలేకపోతే 18 దాటాక కూడా అడగొచ్చు.

మా చిన్నమ్మ కూతురి భర్త ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు. కేసు అక్కడే వేయాలేమోనని ఆమెకు టెన్షన్. అక్కర్లేదు, తను ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, 15100కు ఫోన్ చేసినా చాలు. ఆర్డరు వచ్చాక ఏ నెల డబ్బు ఆగినా ఏడాదిలోపే వసూలుకు పిటిషన్ వేయమని మాత్రం గట్టిగా చెప్పాను. డబ్బు కట్టక జైలుకెళ్లొచ్చినా ఆయన బాకీ మాఫీ కాదు. సోమవారం వెళ్తానంది. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఫీజు రసీదులు సంచిలో పెట్టుకోమన్నాను.