కాంక్రీటు పూలకుండీ గారి సముఖానికి

మహారాజశ్రీ చేతితో చేసిన కాంక్రీటు పూలకుండీ గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం, తులసి తప్ప. కిటికీ గట్టు మీద మీరు కులాసాగా ఉన్నారని నాకు కనిపిస్తూనే ఉంది.

మీరు మా ఇంటికి వేంచేసి నెల దాటింది. 1,850 రూపాయలు కట్టి తెప్పించుకున్నప్పుడు మీతో పాటు ముతక కాగితం మీద మట్టిరంగు సిరాతో అచ్చేసిన కార్డు ఒకటి వచ్చింది. అందులో మీ గోత్రనామాలున్నాయి: చేతితో చేసినవారు, భూమికి హాని తలపెట్టనివారు, ప్లాస్టిక్ ముఖం చూడనివారు. ఆ కార్డు చేతికందడానికి నేను మూడు పొరల బుడగల ప్లాస్టిక్కూ రెండు థర్మోకోల్ పలకలూ ఊడదీయవలసి వచ్చిందనుకోండి. అది కొరియర్ వారి తప్పయి ఉంటుంది. మీ వంటి పెద్దల మీద అనుమానం కూడదు.

మీ ఒంటి మీది చిల్లుల గురించి రాసిన వాక్యం నాకు మరీ నచ్చింది. అవి లోపాలు కావట, చేతిపని ఆనవాళ్ళట. ఆరేళ్ళ క్రితం ఊళ్ళో మా ఇంటికి స్లాబు వేసి, సెంట్రింగ్ విప్పి చూస్తే దూలం పక్కన అచ్చం ఇలాంటి చిల్లులే కనబడ్డాయి. మాలులోని గాలి బుడగలు పోగొట్టే వైబ్రేటర్ సరిగ్గా పెట్టలేదని మా నాన్నగారు మేస్త్రిని అందరి ముందూ తిట్టి, ఆ వారం కూలి ఆపేశారు. పాపం, అతను తల వంచుకుని ఆ చిల్లులన్నీ పూడ్చి వెళ్ళాడు. ఒక కార్డు అచ్చేయించి ఇచ్చి ఉంటే మా నాన్నగారే ఎదురు డబ్బిచ్చేవారేమో!

ఇక ఫ్లై యాష్ సంగతి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను మీలో కలిపి భూమిని ఆదుకున్నారట. చాలా సంతోషం. మా వీధి చివర దుకాణంలో దొరికే పీపీసీ రకం సిమెంటు బస్తాలో ఉన్నదీ ఆ బూడిదే. 15 నుంచి 35 శాతం దాకా ఉండవచ్చని మన దేశ ప్రమాణాలే చెబుతున్నాయి. అంటే ఆ బస్తా తెచ్చి మరుగుదొడ్డి గోడ కట్టుకున్న ప్రతి మనిషీ భూమిని ఆదుకున్నవాడే. ఆ సంగతి అతనికి చెప్పే కార్డే లేదు.

బూడిద పోగా మిగిలినదాని ఊసు మాత్రం కార్డు ఎత్తలేదు. పల్నాడులోనో తాండూరులోనో సున్నపురాయి తవ్వి, పొడి కొట్టి, బట్టీలో సుమారు 1,450 డిగ్రీల దాకా కాలిస్తే క్లింకర్ వస్తుంది, అంటే నూరితే సిమెంటు అయ్యే గడ్డలు. బట్టీలో మండే బొగ్గు పొగ ఒక ఎత్తయితే, ఆ వేడికి రాయి తనలోంచి వదిలే కార్బన్ డయాక్సైడ్ ఇంకో ఎత్తు. సిమెంటు తయారీలో వెలువడే దాంట్లో సగానికి పైగా రాతిలోంచి వచ్చేదే, పొయ్యి మార్చినా అది ఆగదు. ప్రపంచం మొత్తం మీద మనుషుల వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా 7, 8 శాతం దాకా ఉంటుంది. అందులో మీ పాపం ఎంత? న్యాయంగా చెప్పాలంటే లెక్కలోకి రాదు. మీలో ఉన్నది అర కిలో సిమెంటు. మా స్లాబు వంద బస్తాలు మింగింది. మిమ్మల్ని కొనకపోతే భూమి చల్లబడదు. కొంటే చల్లబడుతుందన్నట్టు రాశారే, అక్కడే నాకు పేచీ.

గాలిలోని కార్బన్‌ను పీల్చుకుంటారని కూడా రాశారు. అబద్ధం కాదు. గట్టిపడిన కాంక్రీటు ఏళ్ళ తరబడి, తన పుట్టుకలో వదిలిన దాంట్లో కొంత వెనక్కి పీల్చుకుంటుంది. పక్కింట్లో బస్తా బియ్యం బదులు తెచ్చుకుని, ఏడాదికో గుప్పెడు తిరిగిస్తూ, దానికి అన్నదానమని పేరు పెట్టుకున్నట్టుంది.

మీ మన్నిక మీద మాత్రం నాకు అనుమానం లేదు. మీలో ఇనుప కమ్మీ లేదు కాబట్టి తుప్పు పట్టి పగిలే భయం లేదు. రోములో పాంథియన్ గుడి గుమ్మటమూ కమ్మీ లేని కాంక్రీటే, దాదాపు 1,900 ఏళ్ళుగా నిలబడి ఉంది. మీరు అంతకాలం ఉండనక్కరలేదు. వచ్చే ఏడాది ఇత్తడి కుండీల మోజు వచ్చి నేనే మిమ్మల్ని అటకెక్కించకపోతే చాలు. నా సంగతి నాకు తెలుసు.

తులసి దగ్గరికి వస్తాను. నాటిన మూడో వారానికి ఆకులు పసుపెక్కాయి. మీ అంచుల మీద తెల్లగా ఉప్పు పూసింది. ఎత్తి చూస్తే అడుగున నీళ్ళు పోయే దారే లేదు. కార్డులో దానికి నిరాడంబరత అని పేరు పెట్టారు.

మిమ్మల్ని ఒడిలో కూర్చోబెట్టుకుని, ఆటోలో, ఊరి బయట రోడ్డు పక్కన సిమెంటు తొట్లు పోసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను, గుర్తుందిగా. మీ చుట్టాలందరూ అక్కడ ఎండలో నిలబడి ఉన్నారు: తులసికోటలు, బావి వరలు, కిటికీ జాలీలు, పశువుల తొట్లు, ఎర్రముక్కు చిలకలు రెండు. అందరూ చేతితో చేసినవారే. ఇనుప అచ్చుకు పాత ఇంజన్ ఆయిలు పూసి, మాలు కూరి, మర్నాడు అచ్చు విప్పి, గోనెపట్టాలు కప్పి రోజూ తడుపుతారట. ఆయన మిమ్మల్ని తిరగేసి గోటితో గీకితే పొడి రాలింది. "పచ్చిది పంపించారమ్మా, నీళ్ళు తాగలేదు" అన్నాడు. ఇంజనీర్లు కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. ఈయన గోటితో తేల్చేశాడు. కొత్త సిమెంటు ఘాటు మొక్క వేరుకు పడదని, నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు మార్చి మార్చి పోశాకే మట్టి నింపాలని కూడా చెప్పాడు. అడుగున మూడు చిల్లులు వేసి, ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

"ఎంత పెట్టి కొన్నారమ్మా?" అని అడిగాడు.

రెండు వందలన్నాను.

"మోసపోయారు" అన్నాడు.

ఇట్లు,
మీ యజమానురాలు

తా.క.: మీరిప్పుడు మా స్నానాల గదిలో ఎర్ర ప్లాస్టిక్ బకెట్లో నానుతున్నారు. ప్లాస్టిక్ ముఖం చూడనివారికి ఇబ్బందే, కళ్ళు మూసుకోండి. తులసి పాత రంగు డబ్బాలో ఉంది. నిన్న రెండు చిగుళ్ళు వేసింది.