ఓడిపోయిన చక్రవర్తులకే గిరాకీ

మంచి పాలన వల్ల కలిగే నష్టాల గురించి ఎవరూ రాయరు. రోమ్ మీద తిరగబడి, తామే చక్రవర్తులమని చాటుకున్నవాళ్ళ నాణేలు కూడబెట్టే మాలాంటివాళ్ళకు మాత్రం ఆ నష్టం బాగా తెలుసు. ఎక్కువకాలం బతికిన చక్రవర్తి ఎక్కువ నాణేలు కొట్టిస్తాడు. దాంతో ధర పడిపోతుంది. కాబట్టి చక్రవర్తి అన్నవాడు గద్దె ఎక్కాలి, తన బొమ్మతో నాలుగు నాణేలు వేయించాలి, ఆపైన ఆలస్యం చేయకుండా ఎవరి చేతిలోనైనా చావాలి.

పోస్టుమస్‌కి ఈ ఇంగితం లేదు. క్రీ.శ. 260లో వలేరియన్ చక్రవర్తి పర్షియన్లకు బందీగా చిక్కి రోమ్ తలకిందులైన వేళ, గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం), బ్రిటన్, స్పెయిన్‌లతో వేరు కుంపటి పెట్టాడు. అక్కడితో ఆగితే బాగుండేది. తొమ్మిదేళ్ళు ఏలాడు. రైన్ నది సరిహద్దును కాపాడాడు. 269లో లైలియానస్ అనేవాడు మైంజ్‌లో తిరగబడితే అణిచేసి, ఊరిని దోచుకోవడానికి వీల్లేదని సైనికులకు చెప్పాడు. ఆ మాట అన్నందుకు వాళ్ళే చంపేశారు. ఇంత బుద్ధిమంతుడి మామూలు నాణేలు ఏ వేలంలో చూసినా వరసగా ఉంటాయి. ఆయన చేతిలో ఓడి, కొద్ది నెలలైనా సరిగ్గా నిలవని లైలియానస్ నాణెం ఒక్కటి వస్తే పెద్దమనుషులు కూడా ఎగబడతారు.

ఆ తర్వాత వచ్చిన మారియస్ మమ్మల్ని ఇంకో రకంగా దెబ్బతీశాడు. అతను కమ్మరి అనీ, మూడు రోజులే ఏలాడనీ పాత రోమన్ చరిత్ర ఒకటి చెబుతుంది. మూడు రోజులు! వింటుంటేనే ఒళ్ళు పులకరిస్తుంది. తీరా చూస్తే అతని నాణేలు మూడు రోజుల్లో కొట్టడానికి సాధ్యం కానన్ని దొరికాయి. అంటే మనిషి వారాల తరబడి, బహుశా నెలల తరబడి గద్దె మీద కూర్చున్నాడు. కొనేవాళ్ళ గురించి ఒక్క క్షణమైనా ఆలోచించలేదు.

ఆ వేరు కుంపటి చివరి చక్రవర్తి టెట్రికస్ సంగతి చెప్పుకోవడమే దండగ. 274లో రోమ్ చక్రవర్తి ఆరేలియన్‌కి లొంగిపోయాడు, అతని విజయయాత్రలో బందీగా నడిచాడు, చివరికి దక్షిణ ఇటలీలో లుకేనియా ప్రాంతానికి అధికారి అయ్యాడు. ఓడిపోయినవాడికి పదవి దొరకడం మనకేమీ వింత కాదు గానీ, ఆయన నాణేలు మాత్రం గుట్టలు. వాటిలో ఉన్నది చాలావరకు రాగి, వెండి పేరుకే. పైగా జనం ఎవరికి వాళ్ళు నకిలీలు కొట్టుకున్నారు. వాటి మీద ముక్కు ఒకచోట ఉంటుంది, గడ్డం ఇంకోచోట.

బ్రిటన్‌ని ఏలిన కరాసియస్‌ని మాత్రం క్షమించాలి. ఏడేళ్ళు నిలిచిన తప్పు ఉన్నా సరే. ఇతను సముద్రపు దొంగల్ని పట్టే నౌకాదళానికి అధిపతి. దొంగల్ని దోచుకోనిచ్చి, ఆ తర్వాత పట్టుకుని, సొమ్ము తనే ఉంచుకుంటున్నాడని ఆరోపణ వచ్చింది. రోమ్ చక్రవర్తుల్లో ఒకడైన మాక్సిమియన్ మరణశిక్ష వేస్తే, శిక్ష తప్పించుకోవడానికి 286లో చక్రవర్తి అయిపోయాడు. రోమ్ నాణేల్లో వెండి నామమాత్రంగా మిగిలిన రోజుల్లో మేలైన వెండి నాణేలు వేయించాడు. వాటి మీద ‘ఎదురుచూసినవాడా, రా’ అని బ్రిటన్ చేతే తనకు స్వాగతం చెప్పించుకున్నాడు. కొన్నిటి అడుగున ఆర్ ఎస్ ఆర్ అనే మూడక్షరాలు ఉంటాయి. అవి రోమన్ కవి వర్జిల్ కవితలో ‘స్వర్ణయుగం తిరిగొస్తోంది’ అనే మాటలకు పొట్టి రూపమని 1990లలో గానీ ఒకరికి తట్టలేదు.

అన్నిటికంటే గొప్పది మూడు ముఖాల నాణెం. కరాసియస్, పక్కనే అప్పటి రోమ్ చక్రవర్తులిద్దరూ, డయోక్లెషియన్, మాక్సిమియన్. చుట్టూ ‘కరాసియస్, అతని సోదరులు’ అని రాత. ఆ సోదరుల్లో ఒకరు తనకు మరణశిక్ష వేసినవాడే. వాళ్ళు తమ నాణేల మీద ఇతని పేరు ఏనాడూ వేయలేదు. మన గల్లీ నాయకుడు తనను గుర్తుపట్టని ముఖ్యమంత్రి పక్కన సొంత ఫొటో పెట్టి ఫ్లెక్సీ కట్టిస్తాడే, దానికి మూలపురుషుడు ఇతనే. 293లో సొంత ఖజానా చూసే అలెక్టస్ చేతిలోనే పోయాడు. 2010లో ఇంగ్లండ్‌లోని ఫ్రోమ్ దగ్గర ఒకే కుండలో 52,503 నాణేలు బయటపడితే, వాటిలో ఏడు వందలకు పైగా ఇతనివే. ఆ వార్తకు దేశమంతా పండగ చేసుకుంది. ధర ఏమైపోతుందోనని మాకు మాత్రం టెన్షన్.

నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు వందలకొద్దీ దొరికాయి కదా, అవి చాలవా అని చుట్టాలు అడుగుతారు. చాలవు. వాళ్ళిద్దరికీ రోమ్ గుర్తింపు ఉంది. ఇదే చుట్టాలు నాణెం చేతికిస్తే చిలుము చూసి జాలిపడి, చింతపండు పెట్టి తోమబోతారు. జాగ్రత్త.

ఇక ఆదర్శ చక్రవర్తి రెండో డొమిషియన్. 271 ప్రాంతంలో గాల్‌లో కొన్నాళ్ళు ఉన్నాడు. అతనివి రెండే నాణేలు. మొదటిది 1900లో ఫ్రాన్స్‌లో దొరికితే నకిలీ అని పక్కన పెట్టేశారు. 2003లో ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చాల్‌గ్రోవ్‌లో కుండెడు నాణేల మధ్య రెండోది బయటపడింది. రెండూ ఒకే అచ్చు దెబ్బలు. దాంతో మనిషి ఉన్నాడని తేలింది. నూరేళ్ళు నకిలీ అనిపించుకుని, ఆఖరికి రెండే రెండు నాణేలతో చరిత్రకెక్కినవాడు! పాలన అంటే అదీ.

అతన్ని మించగలవాడు స్పాన్సియానస్ ఒక్కడే. ఏ చరిత్రకారుడూ అతని పేరు రాయలేదు. 1713లో నేటి రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో దొరికిన బంగారు నాణేల మీద తప్ప ఇంకెక్కడా లేడు. వాటినీ చాలాకాలం నకిలీలన్నారు. 2022లో లండన్ పరిశోధకులు వాటి మీది గీతల్నీ అంటుకున్న మట్టినీ పరీక్షించి అసలువే అన్నారు. కాదని వాదించేవాళ్ళు ఇంకా ఉన్నారు. పాలించాడో లేదో కాదు, పుట్టాడో లేదో కూడా తెలియని చక్రవర్తి. నా వాటా పొలం అమ్మైనా కొనేవాణ్ణి. మ్యూజియంవాళ్ళు ఇవ్వరట. ఈలోగా నా దగ్గర టెట్రికస్‌లు డబ్బా నిండా ఉన్నాయి, కావలసినవాళ్ళు తూకానికి పట్టుకెళ్ళొచ్చు.