కంప్యూటర్ గది తాళంచెవి

మా హైస్కూల్లో కంప్యూటర్ గదిలోకి వెళ్లాలంటే చెప్పులు బయట విప్పాలి. లోపల నాలుగు యంత్రాలు, వాటికి టైలర్ దగ్గర కుట్టించిన గుడ్డ తొడుగులు, గోడకు సరస్వతి పటం. సారు ఒక తొడుగు తీసి, స్విచ్ వేసి, తనే కీలు నొక్కి చూపించేవారు. మేం నలభై మందిమి చేతులు కట్టుకుని చూసేవాళ్లం. మళ్లీ క్లాసుకొచ్చాక ఆయన నల్లబోర్డు మీద కీబోర్డు బొమ్మ గీస్తే నోట్సులోకి ఎక్కించుకునేవాళ్లం. ఆ ఏడాది మొత్తంలో నేను కంప్యూటర్‌ను ముట్టుకున్నది ఒక్కసారే, అదీ తొడుగు వేయడానికి. 'కంప్యూటర్ పితామహుడు ఎవరు?' అన్న బిట్టుకు మాత్రం చార్లెస్ బాబేజ్ అని రాసి అర మార్కు తెచ్చుకున్నాను.

ఇది మా ఊరి ఖర్మ అని చాలాకాలం అనుకున్నాను. తర్వాత వేరే జిల్లాలవాళ్లను, వేరే రాష్ట్రాలవాళ్లను అడిగితే వాళ్ల జ్ఞాపకాల్లోనూ అవే తొడుగులు, అదే తాళం.

బడుల్లోకి కంప్యూటర్లు తేవాలని కేంద్రం 1984-85లో 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. ప్రయోగంగా ముందు 250 బడులు తీసుకున్నారు. యంత్రం బ్రిటన్‌ది, ఏకార్న్ కంపెనీ తయారుచేసిన బీబీసీ మైక్రో. దాని మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పుడు పొద్దున్నే వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో ఒక్కటి కూడా అందులో పట్టదు. అలాంటివి మొత్తం 12,000 తెప్పించి రాష్ట్రాలకు పంచారు. 1990లలో ఎనిమిదో ప్రణాళిక కింద పథకాన్ని పెంచుకుంటూ పోతే అది చేరిన బడులు 2,598. అప్పటికి ఆ పెట్టెలు పాతబడ్డాయి.

ఆ యంత్రం నాసిరకందేమీ కాదు. బ్రిటన్‌లో దాని కథే వేరు. 1982 జనవరిలో బీబీసీ టీవీలో కంప్యూటర్ పాఠాలు మొదలయ్యాయి. బడులు కొనుక్కుంటే సగం ధర ప్రభుత్వం భరించింది. పత్రికల్లో అచ్చయిన ప్రోగ్రాములను పిల్లలు ఇంట్లో కూర్చుని ఒక్కో లైనూ కొట్టి, ఒక్క కామా తప్పితే నడవక, మళ్లీ మొదటి నుంచీ వెతుక్కునేవారు. అక్కడేదో స్వర్గం ఉందని కాదు. ఉన్న ఒక్క యంత్రాన్నీ ట్రాలీ మీద పెట్టి క్లాసు క్లాసుకీ తోసుకెళ్లిన బడులు అక్కడా చాలా ఉన్నాయి. కానీ ట్రాలీ కదిలింది కదా! బీబీసీ మైక్రోకు బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష రాసిన సోఫీ విల్సనే తర్వాత స్టీవ్ ఫర్బర్‌తో కలిసి ఆర్మ్ చిప్‌కు రూపమిచ్చారు. ఆ చిప్ ఆదేశాలు సరిగ్గా పనిచేస్తాయో లేదో ఆమె ముందుగా సరిచూసుకున్నది బీబీసీ మైక్రో మీదే. 1985లో తొలి ఆర్మ్ చిప్ వచ్చింది. ఈ వ్యాసం మీరు ఫోన్లో చదువుతుంటే, దాదాపు ఖాయంగా ఆ వంశపు చిప్పే లోపల నడుస్తోంది.

అదే పెట్టె మన దగ్గర తొడుగు కింద ఉంది.

కంప్యూటర్ అంటే మన దేశానికి కొత్త కాబట్టి భయపడ్డారులే అని సరిపెట్టుకుందామంటే, అంతకు ఇరవై ఏళ్ల ముందే కాన్పూర్ ఐఐటీ ఉంది. 1963లో అక్కడికి ఐబీఎం 1620 అనే కంప్యూటర్ వచ్చింది. తొమ్మిది అమెరికన్ యూనివర్సిటీలు కలిసి ఆ ఐఐటీకి సాయం చేస్తున్న రోజులవి. ఆ యంత్రానికి కూడికలు సొంతంగా చేయడం రాదు. మెమరీలో పెట్టుకున్న ఎక్కాలు చూసి చెప్పేది, మూడో తరగతి పిల్లాడిలాగే! అంతటి యంత్రం దేశంలో అపురూపం. అయినా దాన్ని అద్దాల వెనక దాచలేదు. బీటెక్ చదివే వాళ్లందరికీ ప్రోగ్రామింగ్ నేర్పారు. విద్యార్థులు ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసుకుని, దాన్ని అట్ట కార్డుల మీద చిల్లులుగా పంచ్ చేసుకుని, తప్పులొస్తే మళ్లీ పంచ్ చేసుకునేవారు. బయటి ఇంజనీర్లకు, శాస్త్రవేత్తలకు రోజుల తరబడి కోర్సులు పెట్టారు. అక్కడి ప్రొఫెసర్ వైద్యేశ్వరన్ రాజారామన్ ఆ పాఠాలను పుస్తకంగా తెస్తే దాని ధర 15 రూపాయలు. ఊరూరా కాలేజీ కుర్రాళ్లు కొనుక్కోగలిగారు.

'కాన్పూర్‌తో బడిని పోలుస్తారేంటి, వాళ్లకు అమెరికా డబ్బు, ఏరి తెచ్చుకున్న పిల్లలు' అని అడగొచ్చు. నిజమే. కానీ 12,000 యంత్రాలు కొనడమూ పేదరికం లక్షణమేమీ కాదు. తేడా డబ్బులో కంటే ఇంకోచోట ఉంది. దాని పేరు స్టాక్ రిజిస్టర్.

సర్కారు బడికి ఏ వస్తువు వచ్చినా అందులో ఎక్కాలి. హెడ్మాస్టర్‌కు బదిలీ అయితే ఛార్జి అప్పగించే రోజు ఒక్కో వస్తువుకూ లెక్క చెప్పాలి. పోయినా, విరిగినా ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. మరోవైపు, పిల్లలకు కంప్యూటర్ రాలేదని హెడ్మాస్టర్‌కు మెమో ఇచ్చినట్టు నేనైతే ఎన్నడూ వినలేదు. ఈ రెంటి మధ్య కూర్చున్న మనిషి తాళం వేయక ఏం చేస్తాడు? మా సారును అప్పట్లో తిట్టుకున్నాను గానీ, ఇప్పుడు ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెడితే నేనూ తొడుగులు కుట్టిస్తాను. సైన్స్ ల్యాబ్‌లో బీరువా ఎక్కిన మైక్రోస్కోప్‌దీ ఇదే కథ. అందుకే 'టీచర్లకు ఆసక్తి లేదు' అనే మాట నాకు రుచించదు. నేర్చుకునేటప్పుడు వస్తువు పాడవుతుంది. పాడైతే ఎవరి జీతంలో కోస్తారన్నది ముందే తేల్చకుండా పంపిన కంప్యూటర్ దేవుడి విగ్రహంతో సమానం.

మన దగ్గర ఇంకో ప్రయోగం జరిగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 5,000 హైస్కూళ్లలో ప్రైవేటు సంస్థలే కంప్యూటర్లు పెట్టి, నేర్పేవాళ్లను పెట్టి, ఐదేళ్లు నడిపి అప్పగించేలా ఒప్పందాలు చేసుకున్నారు. 2013లో గడువు తీరింది. యంత్రాలు బడికి మిగిలాయి, నేర్పేవాళ్లు ఇళ్లకు పోయారు. మిగిలినవి ఎక్కడికి ఎక్కాయో వేరే చెప్పక్కర్లేదు.

అదే 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ, అంటే మనం ట్రిపుల్ ఐటీలు అనే క్యాంపస్‌ల యూనివర్సిటీ, మాత్రం వేరే దారి పట్టింది. నూజివీడు, ఇడుపులపాయ, బాసర క్యాంపస్‌లలో పదో తరగతి పాసై వచ్చిన పల్లెటూరి పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చారు. మన కాటూరులో పుట్టి కంప్యూటర్ రంగంలో అన్నిటికంటే పెద్దదైన ట్యూరింగ్ అవార్డు దాకా వెళ్లిన రాజ్ రెడ్డి దానికి తొలి ఛాన్సలర్. ఆ సంస్థకు తర్వాత ఎన్ని కష్టాలొచ్చినా, హాస్టల్ మంచం మీద అర్ధరాత్రి దాకా ఆ ల్యాప్‌టాప్‌ను కెలికి, ఫార్మాట్ చేసి, మళ్లీ బాగుచేసుకున్న పిల్లలు ఇప్పుడు ఏ ఐటీ కంపెనీలో చూసినా కనిపిస్తారు.

2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు ఇచ్చింది. ఇంటికి పట్టుకెళ్లారు, గది తాళం సమస్య తీరినట్టే. కానీ వాటిలో పాఠాలు తప్ప ఇంకేమీ తెరవకుండా సాఫ్ట్‌వేర్ తాళం వేశారు. తల్లిదండ్రుల టెన్షన్ అర్థమవుతుంది, యూట్యూబ్‌లో ఏం చూస్తారోనని. అయితే ఆ ట్యాబు వీడియో చూడ్డానికి పనికొచ్చే వస్తువైందే తప్ప, పిల్లాడు రెండు లైన్ల ప్రోగ్రాం రాసి నడుపుకునే యంత్రం కాలేదు. తాళం తలుపు మీంచి తెర లోపలికి మారింది, అంతే.

కేంద్రం ఏటా తీసే యూడైస్ ప్లస్ లెక్కల్లో 2024-25కి దేశంలో 64.7 శాతం బడులకు కంప్యూటర్ సదుపాయం ఉందని తేలింది. అంతకు ముందు ఏడాది 57.2 శాతం. పెరిగింది, సంతోషం. కానీ మా హైస్కూలు కూడా ఆ లెక్కలోకి దర్జాగా వచ్చేది. యంత్రాలున్నాయి, కరెంటుంది, స్విచ్ వేస్తే వెలుగుతాయి. వారంలో ఒక్కో పిల్లాడు ఎన్ని నిమిషాలు కీబోర్డు మీద చెయ్యి వేశాడన్న గడి ఆ ఫారంలో ఉంటే, మా హెడ్మాస్టర్ అక్కడ సున్నా రాయాల్సి వచ్చేది.