మంబుల్స్‌లో ఐస్‌క్రీం తప్ప ఏమీ లేదట!

ఇందాక ఒక తెలుగు ట్రావెల్ వీడియో చూసి ఒళ్లు మండిపోయింది. మంబుల్స్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన లాంటి కట్టడం) మీద నిలబడి, "ఇంగ్లండ్‌లో ఇదొక చిన్న బీచ్, ఐస్‌క్రీం తిని వెళ్లిపోవచ్చు, చూడ్డానికి ఏమీ లేదు" అని తేల్చేశాడు ఆ మహానుభావుడు. స్వాన్సీ అఖాతం పడమటి కొసన ఉన్న ఆ ఊరు ఇంగ్లండ్‌లో కాదు, దాని పక్కనున్న వేల్స్ దేశంలో ఉందనీ, బోర్డుల మీద వెల్ష్ భాష అందుకే ఉందనీ ఆయనకు పట్టలేదు. మనల్ని ఎవరైనా మద్రాసీలంటే మాత్రం తోక తొక్కిన తాచులా లేస్తాం!

ఆయన వెనకాలే కనిపిస్తున్న లైట్‌హౌస్ 1794 నాటిది. మొదట్లో అక్కడ బొగ్గు మంటలే దీపాలు. పియర్ పక్కనున్న లైఫ్‌బోట్ కేంద్రం ఆయనకు ఫోటోల్లో బ్యాక్‌గ్రౌండ్ మాత్రమే. 1947 ఏప్రిల్ 23న తుపానులో చిక్కుకున్న సామ్‌టంపా ఓడను కాపాడబోయి, మంబుల్స్ లైఫ్‌బోట్‌లోని ఎనిమిది మందీ ప్రాణాలు కోల్పోయారు. ఓడలోని 39 మందిలో ఒక్కరూ మిగల్లేదు. అంతకన్నా పెద్ద విశేషం మరి ఐస్‌క్రీమే కాబోలు.

అయినా ఆయన్నని ఏం లాభం, ఊరి అసలు ఘనతైన రైల్వేను అక్కడి పెద్దలే పెకలించి పారేశాక? సున్నపురాయి, బొగ్గు, ఇనుప ఖనిజం మోయడానికి వేసిన పట్టాల మీద, 1807లో గుర్రాలు లాగే బండిలో ఛార్జీ తీసుకుని మనుషుల్ని ఎక్కించుకోవడం మొదలైంది. ప్రపంచంలో డబ్బు చెల్లించిన ప్రయాణికులతో నడిచిన మొదటి రైల్వే అదే. ఆ తరువాత ఆవిరి ఇంజన్లు వచ్చాయి, 1929 నుంచి ఒక్కో దాంట్లో 106 మంది కూర్చునే డబుల్ డెక్కర్ విద్యుత్ బండ్లు సముద్రపు ఒడ్డు వెంబడి పరుగులు తీశాయి. అంతటి రైల్వేను 1958లో ఎవరు కొన్నారనుకున్నారు? బస్సుల కంపెనీ! కోళ్లగూటికి నక్కను కాపలా పెట్టిన చందంగా, 1960 జనవరిలో రైళ్లు ఆపించి, పట్టాలు పీకించారు. ఆ దారిన ఇప్పుడు జనం నడుస్తున్నారు, సైకిళ్లు తొక్కుతున్నారు. సెలవు రోజుల్లో పక్క రోడ్డు మీద కార్లు బారులు తీరుతున్నాయి. భద్రపరుస్తామని లీడ్స్‌కు తీసుకెళ్లిన ఒక బండిని అల్లరిమూకలు నాశనం చేస్తే, స్వాన్సీలో ఇంకో బండి ముందు భాగం మాత్రం మిగిలింది. ఆ ముక్కనైనా చూడమని వీడియో కింద రాశాను; "బ్రో, టికెట్ ఎంత?" అని అడిగాడు.