మైనం మెత్తబడే వేళ వీణ

విజయనగరంలో డిగ్రీ చదువుతూ వీణ సాధన చెయ్యడం, అదీ ఏప్రిల్లో! బొబ్బిలి పనసకర్ర వీణ బంగారమే, కాదనం. కానీ దాని 24 మెట్లూ, అంటే తీగ నొక్కే లోహపు కమ్మీలు, కూర్చునేది మైనం మీద. రేకుల గదిలో మధ్యాహ్నానికి మైనం మెత్తబడుతుంది. గమకానికి, అంటే స్వరాన్ని ఊపడానికి, తీగ గట్టిగా లాగితే మెట్టు వెంట్రుకవాసి జరుగుతుంది. ఇక అంతర గాంధారం దగ్గర అటూ ఇటూ కాని స్వరం. తీగలు బిగించే బిరడాలు తిప్పితే పోయేది కాదది. ఖాళీ తీగ శ్రుతిలోనే ఉంటుంది, మెట్టు మీదే అపస్వరం. మళ్లీ మెట్లు వేయించాల్సిందే, సెమిస్టర్ పరీక్షలు రేపనగా.

పోనీ రికార్డు చేద్దామా? ఫ్యాను వేస్తే ఫోన్ మైకులో హోరు, ఆపితే వేళ్ల చెమటకి ఉక్కు తీగలు తుప్పు. వాయించాక పొడిగుడ్డతో తుడవకపోతే గరగరే.

1919లో సంగీత కళాశాల పెట్టి హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారిని ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టిన ఊరండీ ఇది! రాత్రి గది చల్లబడి, మైనం బిగిసి, శ్రుతి కుదిరేసరికి పక్క గదిలోంచి కేక: "ఏటే ఆ టింగుటింగు, ఆపవా?"