ఆకాశం ఉత్తరం రాసిందట!

రాజుకు భక్తి ఉంటే రాజ్యానికి వచ్చే నష్టమేంటని అడిగేవాళ్లకు కొదవలేదు. మధ్యయుగ చైనాలో తావో మతానికి దక్కిన రాజాదరణను వాళ్లు వరసపెట్టి పొగుడుతారు. అందులో సాంగ్ చక్రవర్తి జెన్‌జోంగ్‌నూ కలిపేస్తుంటే ఒళ్లు మండుతోంది.

1005లో ఉత్తరాన ఉన్న లియావో రాజ్యంతో సంధి కుదిరింది. ఏటా లక్ష లియాంగుల (అది చైనా తూకం) వెండి, రెండు లక్షల తానుల పట్టు ఇచ్చి సాంగ్ రాజ్యం శాంతిని కొనుక్కుంది. అది పరువు తక్కువని మంత్రి వాంగ్ చిన్‌రువో చక్రవర్తి చెవిలో నూరిపోశాడు. పోయిన పరువు కోసం 1008లో రాజధాని కైఫెంగ్ రాజప్రాసాద ద్వారం పైకప్పు మీద పసుపు పట్టు చుట్ట ఒకటి ‘దిగింది’. ఆకాశం పంపిన ఉత్తరమట! దాని పేరు చెప్పి ఏళ్లు లెక్కపెట్టే శకం పేరు మార్చారు, తైషాన్ కొండ మీద మహాక్రతువు చేశారు. రేయింబవళ్లు పని చేయించి 2,610 గదుల తావో ఆలయం కట్టారు. 1029లో పిడుగు పడి అది తగలబడిపోయింది.

తావో మతం వైద్యానికి చేసిన మేలును, జెన్‌జోంగ్ హయాంలో జరిగిన గ్రంథ సంకలనాన్ని మేం కాదనడం లేదు. మా గొడవ మతంతో కాదు. గద్దె మీద కూర్చున్నవాడు వేసిపోయే దారితో.

జెన్‌జోంగ్‌కూ ఎవరో వేసిన దారే దొరికింది. తావో మతం ఆదిగురువుగా కొలిచే లావోట్జుదీ తమదీ ఒకే ఇంటిపేరు, ఆయనే మా మూలపురుషుడని సాంగ్ వంశానికి ముందు ఏలిన టాంగ్ రాజులు చాటుకున్నారు. 741లో తావో గ్రంథాల మీద సర్కారీ పరీక్షలు కూడా పెట్టారు. జెన్‌జోంగ్ ఇంటిపేరు జావో. ఆ పేరుతో తగిన దేవుడు లేడు. అయితేనేం, 1012 నాటికి కలలో జావో ఇంటి దివ్యపురుషుడొకాయన పుట్టుకొచ్చాడు!

అదే దారిలో తర్వాతి కాలపు సాంగ్ చక్రవర్తి హుయ్‌జోంగ్ ఇంకాస్త ముందుకెళ్లాడు. 1117లో తనే తావో మతాధిపతినని బిరుదు తగిలించుకున్నాడు. 1119లో బౌద్ధ భిక్షువుల పేర్లు, వేషాలు మార్చుకోమన్నాడు. మరుసటి ఏడే వెనక్కి తగ్గాడనుకోండి. అతని కొడుకు ఏలుబడిలో ఉత్తరాది జిన్ రాజ్యపు సేనలు కైఫెంగ్‌ను ముట్టడించాయి. గువో జింగ్ అనేవాడు 7,777 మందితో మంత్రసైన్యం కడతానంటే ఆ దర్బారు నమ్మి కోట తలుపులు తెరిపించింది. 1127 మొదట్లో నగరం పడిపోయింది. తండ్రీకొడుకులిద్దరూ బందీలయ్యారు. ఆకాశం ఉత్తరాన్ని నమ్మినట్టు నటించడం నేర్చిన దర్బారుకు మంత్రసైన్యం ఒక లెక్కా?

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఇందులో పెద్ద పిడికెడు ప్రధానమంత్రి వాంగ్ దాన్‌ది. ఈ నాటకం ఆయనకు నచ్చదని చక్రవర్తికి తెలుసు. విందుకు పిలిచి మద్యం జాడీ ఒకటి ఇచ్చి పంపాడు. ఇంటికెళ్లి చూస్తే అందులో ముత్యాలు! ఇక ఆయన నోరు మెదపలేదు. ఆకాశం మాటే ఆడదు, ఉత్తరం ఎలా రాస్తుందని సున్ షి అనే పండితుడు చక్రవర్తినే నిలదీశాడు. ఆయన తలేమీ తీయలేదు. 1033 దాకా బతికాడు. అంటే, అడగొచ్చు. వాంగ్ దాన్ అడగలేదు. తొమ్మిదేళ్లు ఆ క్రతువులన్నిటికీ పెద్దగా నిలబడి, 1017లో చావబోయే ముందు తనకు గుండు చేయించి భిక్షువులా పాతిపెట్టమన్నాడట. ఆ గుండు ఎవరికి కావాలి? ఆ ముత్యాలు ఆ రాత్రే తిప్పి పంపాల్సింది.